మినీ పేగులొచ్చాయని నడక మానేయకండి

"ల్యాబ్‌లో పెంచిన మినీ పేగుల్లో వ్యాయామం ప్రభావం తేలిపోయింది. ఇక నడవక్కర్లేదు, అదే పని చేసే మాత్ర వస్తోంది" అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతోంది. పేగు క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్నవాళ్లూ దీన్ని చదువుతున్నారు. నాకు టెన్షన్ అందుకే.

"మినీ పేగు అంటే పేగే."
కాదు. నెదర్లాండ్స్‌లోని హుబ్రెక్ట్ సంస్థలో తోషిరో సాటో, హాన్స్ క్లెవర్స్ బృందం 2009లో ఎలుక పేగులోని ఒక్క మూలకణం (ఇతర రకాల కణాలుగా మారగల కణం) నుంచి వీటిని పెంచి చూపించింది. చల్లగా ఉంటే నీరులా జారిపోయి, 37 డిగ్రీల దగ్గర గడ్డకట్టే జెల్ చుక్కలో మూలకణం పెరిగి బుడగలా మారుతుంది, చుట్టూ మొగ్గలు తొడుగుతుంది. పేగు లోపలి పొరలో ఉండే ముఖ్యమైన కణాలు అందులో ఉంటాయి. రక్తనాళాలు, నరాలు, కండరం మాత్రం ఉండవు. మనం గట్టిగా పరిగెత్తితే పేగులకు రక్తం బాగా తగ్గుతుంది. రక్తనాళమే లేని బుడగలో ఆ మార్పు ఎలా కనిపిస్తుంది?

"వాటితో వ్యాయామం చేయించారు."
వ్యాయామం చేసేది మనిషే. ముందూ తర్వాతా అతని రక్తం తీసి, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే పలుచని ద్రవం) వేరు చేసి, కణాల మీద వేస్తారు. మంచి పద్ధతే ఇది. మామూలుగా ఈ బుడగల్లో ఆహారం తగిలే వైపు లోపల మూసుకుపోయి, రక్తం వైపు ఉండాల్సిన ముఖం బయటికి ఉంటుంది. అంటే సీరం సరైన వైపే తగులుతుంది. పేగు బ్యాక్టీరియా సంగతి చూడాలంటే మాత్రం సన్నటి సూదితో లోపలికి ఎక్కించాలి.

2022లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు 16 మంది మగవాళ్లతో అరగంట సైకిల్ తొక్కించి, వాళ్ల సీరం పేగు క్యాన్సర్ కణాల మీద వేస్తే వాటి పెరుగుదల తగ్గింది. అందులో ఇంటర్‌ల్యూకిన్-6 అనే, వ్యాయామంతో రక్తంలో పెరిగే ప్రొటీన్ పాత్ర కనిపించింది. అవి ల్యాబ్‌లో ఏళ్లుగా పెంచుతున్న మామూలు క్యాన్సర్ కణాలు, మినీ పేగులు కూడా కావు.

"కాబట్టి మాత్ర చాలు."
ఒక పదార్థం పాత్ర కనిపించిందంటే వ్యాయామం మొత్తం అందులో ఉన్నట్టు కాదు. గుండె, కండరాలు, షుగర్ మీద నడక చేసే పని పళ్లెంలోని కణాల్లో కనిపించదు.

మనుషుల మీద గట్టి రుజువు 2025లో వచ్చింది. ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మంది పేగు క్యాన్సర్ రోగుల్లో సగం మందికి మూడేళ్లు పర్యవేక్షణతో వ్యాయామం నేర్పారు, మిగతావాళ్లకు ఆరోగ్య సలహాల పుస్తకాలిచ్చారు. అయిదేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు వ్యాయామం చేసినవాళ్లలో 80.3 శాతం, మిగతావాళ్లలో 73.9 శాతం.