ప్రాజెక్టు రిపోర్టు జిరాక్స్ షాపులో దొరికితే ఇంక చదువెందుకు?

మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే మన రాయలసీమ ఊళ్లలో డిగ్రీ కాలేజీల పక్కనుండే జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ మిషనుకు తీరికుండదు. బీబీఏ, బీకాం కంప్యూటర్స్ పిల్లోళ్లు ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకుని వరస కడతారు. పట్టుకుని అంటున్నాం గానీ చాలామంది చేతుల్లో ఏమీ ఉండదు, షాపాయన కంప్యూటర్లోనే పోయినేటి రిపోర్టులు పడుంటాయి, అందులో ఒకటి తెరిచి పేరు, హాల్ టికెట్ నంబరు, కాలేజీ పేరు మార్చి ప్రింటు కొట్టిస్తే అయిపాయె. అట్ట మీద కర్నూలు షోరూం పేరుంటుంది, లోపల చార్టుల్లో హైదరాబాద్ బ్రాంచి కస్టమర్లు అట్లే కూర్చోనుంటారు. గైడుగా ఉన్న లెక్చరర్ సంతకం పెడతాడు, వైవాలో, అంటే నోటి పరీక్షలో, రెండు ప్రశ్నలడుగుతారు, మార్కులు పడతాయి.

పిల్లోళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లకు మనం నేర్పించే తీరే అట్లుంది. మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అంటే వ్యాపారంలో కంప్యూటర్ లెక్కల వాడకం గురించి చెప్పే పేపరే తీసుకోండి. పిరమిడ్ బొమ్మ గీసి కింద టీపీఎస్ (ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్, అంటే రోజువారీ లావాదేవీల లెక్క), దానిపైన ఎంఐఎస్ (మేనేజర్లకు రిపోర్టులు), ఇంకా పైన డీఎస్ఎస్ (నిర్ణయాలకు సాయం), కొసన ఈఐఎస్ (పెద్ద అధికారులకు సమాచారం) అని రాస్తే ఆ ప్రశ్నకు మార్కులొచ్చినట్టే. ఎగ్జాంపుల్ అడిగితే విమానం టికెట్ల రిజర్వేషన్ రాస్తారు. విమానం ఎక్కినోళ్లు క్లాసులో ఎంతమందుంటారో గానీ, నాయనతో కలిసి మార్కెట్ యార్డుకు పోయి ఉల్లిగడ్డల బస్తాల మీద నిద్రపోయినోళ్లు మాత్రం కర్నూలు కాలేజీల్లో కచ్చితంగా ఉంటారు. ఆ యార్డు మాత్రం సిలబస్‌లోకి ఎప్పుడూ రాలేదు.

నిజానికి యార్డు కంటే మంచి పాఠం దొరకదు. 2016 ఏప్రిల్‌లో ఈ-నామ్ అనే కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్ పద్ధతి మొదలైనప్పటి నుంచి ఆ పద్ధతి అమలయ్యే యార్డుల్లో సరుకు గేటు దాటగానే ఎంట్రీ వేస్తారు, దానికో లాట్ నంబరు పడుతుంది, నాణ్యత చూస్తారు, వ్యాపారులు ఆన్‌లైన్లో రేటు కోట్ చేస్తారు, తర్వాత కాటా, బిల్లు, డబ్బులు. పుస్తకంలో ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ అని బట్టీ పట్టేది ఇదే. ఇప్పుడు ఆ ఎంట్రీల్లో ఒకే రైతు ఒకరోజు కె.నాగన్న, ఇంకోరోజు నాగన్న కె., మూడోరోజు కురువ నాగన్న అని పడ్డాడనుకోండి, కంప్యూటర్‌కు వాళ్లు ముగ్గురు మనుషులు. సీజన్ మొత్తంలో నాగన్న ఎన్ని క్వింటాళ్లు తెచ్చాడని అడిగితే మూడు జవాబులొస్తాయి, ఒక్కటీ కరెక్టు కాదు. ఒక్కో మనిషికి ఒకే గుర్తింపు నంబరు, అంటే ప్రైమరీ కీ, ఎందుకు పెట్టాల్నో ఇంతకంటే తేటగా ఏ లెక్చరర్ చెప్పగలడు? 1970లో కాడ్ అనే ఐబీఎం ఆయన రిలేషనల్ మోడల్ (లెక్కలను పట్టికలుగా దాచే పద్ధతి) గురించి రాసిన పేపర్‌ను పరీక్షలో పేరూ సంవత్సరంతో సహా రాసే పిల్లోడు, ఈ ముగ్గురు నాగన్నల్ని ఒక్కరిగా చేయమంటే ఎక్సెల్ ముందు కూర్చుని బిత్తరపోతాడు.

యార్డు దూరమనుకుంటే బజారుకే పోండి. జీఎస్టీ కట్టే హోల్‌సేల్ కొట్టు ఏదైనా సరే. సరుకు పంపినోడు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో ఆ ఇన్‌వాయిస్ ఎక్కించకపోతే కొన్నోడికి 2బీలో, అంటే జీఎస్టీ పోర్టల్ నెలనెలా తయారుచేసే కొనుగోళ్ల లిస్టులో, అది కనిపించదు, 2022 జనవరి నుంచి 2బీలో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే వీలు) రాదు, అంటే గుంటూరులోనో బెంగళూరులోనో ఎవరో క్లర్కు ఒక బిల్లు మర్చిపోతే ఇక్కడ మన కొట్టాయన జేబులోంచి డబ్బు పోతుంది. ప్రతినెలా 14న 2బీ వచ్చినాక ఆడిటర్ ఆఫీసుల్లో గుమస్తాలు తలపట్టుకునేది దీనికే. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఉన్న కొనుగోళ్లను 2బీతో పోల్చి తేడాల లిస్టు తీయడం అంత పెద్ద విద్యేం కాదు, వారం రోజులు పక్కన కూర్చుంటే డిగ్రీ పిల్లోడు నేర్చుకుంటాడు. అది రిపోర్టు రాయమనండి, ఏ జిరాక్స్ షాపులోనూ దొరకదు.

మేం అడిగేది ఇదొక్కటే. ప్రాజెక్టు ఏదైనా మన జిల్లా కొట్టు, మిల్లు, మండీ, యార్డు దగ్గరే చేయాల. ఆదోనిలో పత్తి ఉంది, అనంతపురంలో చీనీ ఉంది, ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లున్నాయి, కరువేం లేదు. వైవాలో అట్ట చూడకుండా ఫైలు తెరిపించాల, ఈ లెక్క యాడినుంచొచ్చింది, ఈ కాలమ్ తీసేస్తే ఏమైతాదో చూపించు అనాల. సొంతంగా చేసినోడు నత్తినత్తిగా అయినా చెప్తాడు.

కొట్టోళ్లు లెక్కలు చూపిస్తారా అని అంటారు. నిజమే, చూపించరు, ట్యాక్సోళ్ల భయం ఉంటుంది, పిల్లోడు బయట చెప్తాడేమో అనుంటుంది. లాభనష్టాలు అడగొద్దు, స్టాకు చాలు. పేర్లు తీసేసి రెండేళ్లనాటి పాత లెక్కలిచ్చినా నేర్చుకోడానికి సరిపోతుంది. అసలు కష్టం లెక్చరర్ల దగ్గరుంది, ఒక్కో గైడుకు అంతమంది పిల్లల్ని అంటగట్టి, అందులోనూ చాలామంది కాంట్రాక్టు జీతాలోళ్లు, ప్రతి ఫైలు తెరిచి చూడమంటే వాళ్లకు మాత్రం టైమేది? ఈ మాట యాజమాన్యాలు వినాల. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) కిందికొచ్చాయి, అనుమతికి గదులు, ల్యాబులు, స్టాఫు లెక్క చూపిస్తారు. కానీ ల్యాబులో పిల్లోడు ఏం చేశాడన్నది వైవా గదిలోనే తేలాల్సింది.

ఇంకొకటి. ఇంటర్న్‌షిప్పులు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులు ఎక్కువగా ఎండాకాలం సెలవుల్లో పెడతారు. కర్నూలు యార్డుకు ఖరీఫ్ ఉల్లి ఆగస్టు నుంచి దిగుతుంది, ఆదోనికి కొత్త పత్తి దసరా, దీపావళి దినాల్లో వస్తుంది. మేలో పిల్లోడు పోతే చూసేదేముంది, వాచ్‌మెన్‌తో మాట్లాడి రావాల. కర్నూలు రాయలసీమ, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ, కడప యోగి వేమన యూనివర్సిటీలు మూడూ ఒకసారి కూర్చుని, కనీసం ఈ కోర్సులకైనా ఆ వారాలను అక్టోబరుకు జరపగలవేమో చూడాల. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.