పంచె కట్టిన పౌరుడు

నగరంలో కుర్రకారుకి సంస్కృతి అక్కర్లేదు, రాజకీయం పట్టదు అనే పెద్దల నోళ్లు మూయించే బాధ్యత నా మీద పడింది. సాక్షిగా మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అబ్బాయిని ప్రవేశపెడుతున్నాను. ఉద్యోగం గచ్చిబౌలిలో, సొంతూరు గుంటూరు పక్కన.

ఆఫీసులో ఎథ్నిక్ డే అంటే తప్పకుండా పంచె కడతాడు. కడతాడంటే, అతికిస్తాడు. నడుం దగ్గర వెల్‌క్రో, పక్కన ఫోనుకి జేబు. "కుచ్చిళ్లు కుట్టేసే ఇస్తారంకుల్, టెన్షన్ ఉండదు" అన్నాడు. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి జయంతి నాడు తెలుగు నా ప్రాణం అని స్టేటస్ పెట్టాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. నవ్వకండి. మాట్లాడే భాషలోనే రాయాలని కదా గిడుగువారు పోరాడింది! వీడు పొద్దస్తమానం మాట్లాడేది ఇంగ్లీషే.

ఇక రాజకీయం. 2020 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఓట్ల లెక్కింపు తేలేదాకా వీడికి నిద్ర లేదు. అక్కడి కౌంటీల పేర్లు ఎక్కాల్లా అప్పజెప్పేవాడు. నెల తిరక్కుండా, డిసెంబరు 1న మన గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. శని, ఆదివారాలు, సోమవారం గురునానక్ జయంతి, మంగళవారం పోలింగ్. ఇన్ని సెలవులు వరసగా దొరికితే అరకు వెళ్లనివాడు మనిషా? నగరం మొత్తం మీద పోలైంది 46.55 శాతం. "నా ఓటు ఊళ్లో ఉందంకుల్" అన్నాడు, అరకు నుంచే.

అది అబద్ధం కాదు. 2024 మే 13న విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటల తరబడి కారులో ఉడికిపోయి మరీ ఊరెళ్లి ఓటేసొచ్చాడు. సిరా వేలి ఫొటోకి మూడొందల లైకులు. సంక్రాంతికి మూడు రోజులుండే ఊరి మీద అంత శ్రద్ధ! ఏడాదంతా ఉండే వీధి సంగతేమిటని ఓటు మార్చుకునే ఫారం-8 తెచ్చిచ్చాను. అది వాళ్ల ఫ్రిజ్ మీద, గోవా అయస్కాంతం కింద భద్రంగా ఉంది.

మొన్న వానకి మా గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. వెల్‌క్రో పంచె మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని వీడియో తీశాడు, మున్సిపల్ వాళ్లని ట్యాగ్ చేశాడు, ఆవేశంగా నావైపు తిరిగాడు.

"అసలు వీళ్లని ఎవరు గెలిపించారంకుల్?"