రెండు గళ్లలో పట్టే శాస్త్రవేత్త

స్టాటిస్టికల్ జెనెటిక్స్‌లో, అంటే జన్యు సమాచారాన్ని గణాంకాలతో విశ్లేషించే రంగంలో, పనిచేసే మనిషి వల్ల సైన్సుకు ఒరిగిందెంతో తేల్చడానికి మా మూల్యాంకన కమిటీకి నాలుగు నిమిషాలు పడుతుంది. అందులో మూడు ప్రొజెక్టర్ వెలగడానికే పోతాయి. మిగిలిన ఒక్క నిమిషం మాకు ధారాళంగా సరిపోతుంది. ఫారంలో 'పరిశోధనా ప్రభావం (అంకెల్లో మాత్రమే)' అన్నచోట ఉన్నవి రెండే గళ్లు మరి.

ఈ సుఖం మాకు 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రసాదించాడు. కనీసం 11 సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు) వచ్చిన పేపర్లు 11 ఉంటే హెచ్-ఇండెక్స్ 11. పేపర్లు చదవక్కర్లేదు, లెక్కపెడితే చాలు. చదివితే అభిప్రాయాలు ఏర్పడతాయి, అభిప్రాయాలు ఏర్పడితే మీటింగ్ సాగుతుంది.

చిక్కల్లా ఈ రంగం వాళ్లతోనే. పొద్దస్తమానం అంకెలతోనే బతుకుతారు, ఏ అంకెనూ ఊరికే నమ్మరు. జీనోమ్ మొత్తం గాలించి ఫలానా జన్యు తేడాకి ఫలానా జబ్బుతో సంబంధం ఉందని చెప్పాలంటే, సంబంధమే లేకపోయినా అలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం పది కోట్లకు ఐదు కన్నా తక్కువ ఉండాలట. మాకంత చాదస్తం లేదు. 13 ఉన్నాయనకు ప్రమోషన్, 11 ఉన్నావిడకు 'మరింత కృషి అవసరం'. ఆవిడ లేచి, "సార్, ఈ తేడాకి స్టాండర్డ్ ఎర్రర్ ఎంతండీ?" అంది. అంటే ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పమని. 'సహకార ధోరణి తక్కువ' అని ఫైల్లో రాసుకున్నాం.

అక్కడితో ఊరుకుందా? చాప్‌స్టిక్స్ కథ ఎత్తుకుంది. చాప్‌స్టిక్స్‌తో తినేవాళ్లనీ తిననివాళ్లనీ పోల్చి ఒకాయన 'చాప్‌స్టిక్స్ జన్యువు' కనిపెట్టాడట. తీరా చూస్తే అది తూర్పు ఆసియా మూలాలున్నవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపించే మామూలు జన్యు రూపం. చేతి నేర్పుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకి భయం చెప్పడానికి అల్లిన కథ అది. "జబ్బుల గురించి రాసే ఆయన్ని చదివేవాళ్లు వేలల్లో ఉంటారు, లెక్కల పద్ధతులు రాసే నన్ను చదివేవాళ్లు వందల్లో. ఇద్దర్నీ ఒకే పట్టీలో పెట్టి నాకు ప్రతిభ లేదంటే ఎలా సార్? ముందు ప్రిన్సిపల్ కాంపొనెంట్స్‌తో సరిచెయ్యాలి కదా?" అంది. మూలాల తేడాల ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసే గణాంక పద్ధతట అది. మాకు తెలిసిన ప్రిన్సిపల్ ఒక్కరే. ఆయన ఆ రోజు సెలవు.

అయితే వాళ్లనూ ఒక మాట అడగాల్సిందే. 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారం కలిపి మనిషి ఎత్తు మీద పెద్ద అధ్యయనం వచ్చింది. 12,111 జన్యు తేడాలు తేలాయి. ఒక్కోదాని వాటా చీమ తలకాయంత. ఎత్తు దగ్గర ఇంత నిక్కచ్చిగా వాటాలు పంచినవాళ్లు సైటేషన్ల దగ్గరికి వచ్చేసరికి పంపకం అనే మాటే ఎత్తరు. రచయితల జాబితాలో మొదటి పేరుకీ, ఎక్కడో మూడో పేజీలో ఉన్న పేరుకీ ఒక సైటేషన్ అంటే నిండుగా ఒక సైటేషనే. అలా కోసివ్వకుండా పంచే పంపకం ఇంకే శాస్త్రంలోనైనా సాధ్యమా? దీనికి మా కమిటీ పూర్తి మద్దతు ప్రకటిస్తోంది.

పాతవాళ్ల ఫైళ్లు మా ముందుకు రాకపోవడం వాళ్ల అదృష్టం. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ పేపర్ చూసి లండన్ రాయల్ సొసైటీ సమీక్షకులు అవునూ కాదూ అనకుండా నసిగితే, ఆయన దాన్ని వెనక్కి తీసుకుని 1918లో ఎడిన్‌బరో సొసైటీ పత్రికలో వేయించుకున్నాడు. 'వేరియన్స్' (అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అనే మాట స్టాటిస్టిక్స్‌కు ఇచ్చింది ఆ పేపరే. మేమైతే పెద్ద పత్రికలో ఎందుకు రాలేదని సంజాయిషీ అడిగేవాళ్లం. మెండెల్ సంగతి మరీ అన్యాయం. బఠాణీల పేపర్ అచ్చయింది 1866లో, లోకం దాన్ని పట్టించుకుంది 1900లో, ఆయన పోయింది 1884లో. పైగా ఒక్క పేపర్‌కి ఎన్ని లక్షల సైటేషన్లు వచ్చినా దాంతో హెచ్-ఇండెక్స్ ఒకటి దాటదు. కాకపోతే 1868లో మఠాధిపతి అయ్యాడు కాబట్టి 'పాలనానుభవం' కింద ఎలాగోలా గట్టెక్కించేవాళ్లం.

ఇక మా జాబితాలన్నీ ఎక్సెల్‌లోనే ఉంటాయి. 'మార్చ్1' అని ఒక జన్యువు ఉండేది. ఎక్సెల్‌లో కొట్టగానే మార్చి 1 అయిపోయేది. 'సెప్ట్2' అయితే సెప్టెంబర్ 2. ఇలా పాడైన పట్టికలు ఎన్నో పేపర్లలోకి ఎక్కాక, 2020లో జన్యువులకు పేర్లు పెట్టే సంఘం ఒక పరిష్కారం ప్రకటించింది: జన్యువుల పేర్లే మార్చేశారు. ఇది చదివి నాకు కళ్లు చెమర్చాయి. ఫారం మార్చమని అర్జీ పెట్టుకున్న ఆవిడకు అదే స్ఫూర్తితో జవాబు పంపాం: ఫారం మారదు, పరిశోధన మార్చుకోవచ్చు.

ఆవిడ ఈసారి హెచ్-ఇండెక్స్ గడిలో ఒక అంకె బదులు '9-12' అని, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఉండగల హద్దులు) అట, నింపి పంపింది. ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 9 చేసింది. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రమోషన్ ఆ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది.