సాక్షి సమను చింపేయమంటున్న మెసేజ్‌కి జవాబు

"సివిల్ కోర్టు సమనుకి భయపడకండి" అని మొదలయ్యే మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. చుట్టాల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఎక్కడ చూసినా అదే. సాక్షిగా రమ్మని సమను వస్తే పుచ్చుకోకండి, అప్పుడది చెల్లదు, సివిల్ కేసులో అరెస్టు ఉండదు, దూరమైతే పోనక్కర్లేదు, ఖర్చులు మన నెత్తినే, కాగితాలు తెమ్మంటే పోయాయని చెప్పి చింపేయండి, వాట్సాప్ సమను చెల్లదని సుప్రీంకోర్టే చెప్పింది, వెళ్లినా వాయిదాలతో తిప్పుతారు. ఇదీ దాని సారం.

ఖర్చుల మాట అబద్ధం. మిమ్మల్ని పిలిపించిన పార్టీ ముందే కోర్టులో బత్తా, అంటే సాక్షి రానుపోను ఖర్చులు, కట్టాలి. సమను మీ చేతికిచ్చేటప్పుడే ఆ డబ్బూ ఇవ్వాలి.

వాట్సాప్ సంగతి: 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది క్రిమినల్ కేసుల్లో పోలీసులిచ్చే హాజరు నోటీసుల గురించి. మీ పొరుగింటి ఆస్తి దావాకీ దానికీ ఏం సంబంధం?

దూరానికి లెక్క ఉంది. మీరు ఆ కోర్టు పరిధిలో ఉన్నా, 100 కిలోమీటర్లలోపు ఉన్నా వెళ్లాల్సిందే. దారిలో ఆరింట అయిదు వంతులకు రైలో బస్సో ఉంటే ఆ హద్దు 500. అంటే విజయవాడ మనిషిని హైదరాబాద్ రమ్మనొచ్చు. విశాఖ నుంచి 600 పైనే కాబట్టి తప్పించుకున్నామనుకోకండి, విమానం ఛార్జీ కడితే అక్కడినుంచీ రమ్మనొచ్చు. మంచానపడ్డవాళ్ల దగ్గరికి అడ్వకేట్ కమిషనర్‌నే (సాక్ష్యం రాసుకురమ్మని కోర్టు నియమించే లాయరు) పంపించుకునే వీలుంది.

పుచ్చుకోకపోతే? అమీనా, అంటే సమన్లు అందించే కోర్టు ఉద్యోగి, దాన్ని తలుపుకి అంటించి రిపోర్టు రాసుకుని పోతాడు. పోస్టులో వచ్చింది తిప్పికొడితే, అందినట్టే లెక్కేస్తారు. ఆ తర్వాత కూడా కారణం లేకుండా రాకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ సెక్షన్ ఉంది: అరెస్టు వారంటు, ఆస్తి జప్తు, 5 వేల దాకా జరిమానా. "సివిల్‌లో అరెస్టు ఉండదు" అని రాసిన మహానుభావుడు ఆ సెక్షన్ ఒక్కసారైనా తెరిచి చూశాడా?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండించింది ఆ "చింపేయండి" అన్న మాట. కోర్టుకి చూపించాల్సి వచ్చే కాగితాన్ని, చూపించకుండా ఉండాలని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 241వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. బోనెక్కి ప్రమాణం చేసి "పోయింది" అని అబద్ధమాడితే అది వేరే కేసు, ఏడేళ్ల దాకా. ఈ సలహా నమ్మి జైలుకెళ్లేది ఫార్వర్డ్ చేసినవాడు కాదు, మీ మేనమామో పక్కింటి రిటైర్డ్ మాస్టారో. పైగా అసలు అవసరమే లేదు. కాగితం మాత్రమే కావాలని సమను వస్తే మీరు స్వయంగా వెళ్లనక్కర్లేదు, ఎవరిచేతైనా కోర్టులో దాఖలు చేయిస్తే సరిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది, ఆర్డర్ 16, ఆరో రూలు. ఆ ఒక్క ముక్క ఈ మెసేజ్‌లో ఉంటే ఎంతమందికి పనికొచ్చేది!

మీరు తప్పించుకుంటే నష్టపోయేదెవరో కూడా చూడండి. వీలునామా రుజువు కావాలంటే దానిమీద సాక్షి సంతకం చేసినవాళ్లలో బతికున్న ఒక్కరినైనా విచారించాలి. సంతకం పెట్టిన రోజు కాఫీ తాగి, భుజం తట్టి వెళ్లిన మనిషి ఇవాళ తలుపేసుకుంటే ఆ వీలునామానే నమ్ముకున్న ముసలామె ఇల్లు ఏమవ్వాలి? ఆమెకు జవాబు మీరిస్తారా, ఆ మెసేజ్ ఇస్తుందా?

వాయిదాలతో తిప్పుతారన్నది మాత్రం నిజం. పొద్దున పదిన్నరకి వచ్చి, సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, లాయరు సిద్ధంగా లేడని వెనక్కి పోయే సాక్షులు ప్రతి కోర్టులోనూ ఉంటారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ సాక్షి వచ్చి ఉండగా లాయరు సిద్ధంగా లేకపోతే, జడ్జిగారు ఆ సాక్ష్యం అప్పుడే రాసుకుని పంపించేయొచ్చని అదే కోడ్‌లోని ఆర్డర్ 17 చెబుతోంది. పేరు పిలిచినప్పుడు లేచి నిలబడి, "అయ్యా, దూరం నుంచి వచ్చాను, ఇవాళే రాసుకోండి" అని అడగండి.