ఆ అరగంట ఎవరిస్తారు?

నడుము నొప్పి అని నోరు తెరిస్తే చాలు, తిరుపతిలో సలహాలకు కొదవ లేదు. బైరాగిపట్టెడలో మా అమ్మావాళ్లింటికి పలకరించడానికి వచ్చినవాళ్లలో నువ్వుల నూనెలో వెల్లుల్లి వేసి కాచి రుద్దమన్నవాళ్లున్నారు, ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టమన్నవాళ్లున్నారు. "పుత్తూరు పోదాం పదమ్మా, ఒక కట్టు కట్టించుకుంటే అదే సర్దుకుంటుంది" అని మా మామయ్య కారు తాళాలు తీసుకుని మరీ వచ్చాడు. అందరిదీ ప్రేమే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ అంతమందిలో "పిలకాయల్ని కాసేపు నేను చూసుకుంటా, నువ్వు పోయి నీ పని చూసుకో" అన్న మనిషి మొదట్లో ఒక్కరూ లేరు. ఈ మాట అమెరికాలోని మన తెలుగు సంఘం పత్రికలో రాస్తున్నది ఎందుకంటే, మనలో చాలామంది ఇళ్లలో అక్కడా ఇదే జరుగుతోంది, అక్కడ సలహాలు ఫోన్‌లో వస్తాయి, అంతే తేడా.

పుత్తూరు కట్టును నేను తక్కువ చేయను. ఎముక విరిగితే ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు కోసం తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా వస్తారు. నాది విరిగిన ఎముక కాదు. నడుము నొప్పికి తోడు, మెడ దగ్గర మొదలై భుజం మీదుగా చేతివేళ్ల దాకా జివ్వుమని లాగే నొప్పి, అంటే మెడలో నరం ఎక్కడో ఒత్తుకుంటోందని. అలాంటి మెడను ఎవరైనా సరే పట్టుకుని ఒక్కసారిగా తిప్పితే ఉన్నది కాస్తా ముదరొచ్చు, అందుకే మామయ్యకు దణ్ణం పెట్టి వద్దన్నాను.

ఇక అసలు వైద్యం సంగతి. ప్రపంచవ్యాప్తంగా 2020లో 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మనిషిని పని చేయనివ్వకుండా చేసే జబ్బుల్లో మొదటిది ఇదే. ఆ సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలానా కారణమని తేలకుండా మూడు నెలలు దాటినా తగ్గని నొప్పికన్నమాట. అందులో వ్యాయామం చేయించమన్నారు, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పమన్నారు. నడుం బెల్టు, ట్రాక్షన్ (వెన్నును సాగదీసి లాగడం), అల్ట్రాసౌండ్ చికిత్స (స్కానింగ్ కాదు, నొప్పి ఉన్నచోట శబ్ద తరంగాలు పెట్టడం) లాంటివి మామూలుగా వాడొద్దన్నారు. మన వీధుల్లో ఏ మందుల షాపులో చూసినా బెల్టులు వేలాడుతుంటాయి కదా, ఎందుకు అంత అమ్ముడుపోతాయంటే నా ఉద్దేశంలో కారణం ఒకటే. బెల్టు ఇంట్లో ఎవరి టైమూ అడగదు. కట్టుకుని మళ్లీ అదే గిన్నెలు, అదే బిడ్డ. వ్యాయామానికి రోజూ అరగంట కావాలి, ఆ అరగంట పిల్లలు ఇంకొకరి దగ్గర ఉండాలి. చిన్నపిల్లల తల్లికి దొరకనిది సరిగ్గా అదే.

నాకు ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు పెద్ద కష్టమైనవేం కావు. గోడకు ఆనుకుని నిలబడి గడ్డాన్ని లోపలికి లాక్కోవడం, చాప మీద బోర్లా పడుకుని మోచేతుల మీద నెమ్మదిగా పైకి లేవడం, మోకాళ్లు మడిచి తుంటి ఎత్తడం. కానీ నేను చాప పరిస్తే చాలు, చిన్నోడు పరిగెత్తుకొచ్చి వీపు మీదెక్కేవాడు, పెద్దది నా పక్కనే పడుకుని "నేనూ చేస్తా" అని కాళ్లు నా మెడ మీద వేసేది. వాళ్ల తప్పేముంది, అమ్మ నేల మీద పడుకుంటే ఆటే అనుకుంటారు.

రెండేళ్ల బిడ్డ పన్నెండు కిలోలకు అటూ ఇటూ ఉంటాడు. ఆ బరువు ఒంటికి ఆనించుకుని ఉన్నంతసేపు కాస్త నయం. తొట్టి కమ్మీ మీదుగా వంగి, చేతులు చాచి ఎత్తినప్పుడు, కారు సీటులో కూర్చోబెట్టడానికి నడుము పక్కకు తిప్పినప్పుడు వెన్ను మీద పడే భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కారు సీటు తిరుపతిలో పెద్దగా కనపడదు గానీ మనకు అమెరికాలో రోజుకు ఎన్నిసార్లో.

మా అత్త ఒకరోజు అంది, "మేం పిలకాయల్ని సంకనేసుకునే మడిలో పనికి పోయినాం, ఇన్ని నొప్పులు ఎరగం" అని. ఎరగకపోవడం కాదు, చెప్పుకునే అలవాటు లేదు. ఆమె ఇప్పుడు మంచం మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకుని లేస్తుంది, వంగిన నడుము వంగినట్టే ఉంది. ఆమె ఆ రోజుల్లో ఎవరినైనా అడగగలిగి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఆమెను చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

మొక్కు సంగతి కూడా చెప్పాలి. చిన్నోణ్ని ఎత్తుకుని అలిపిరి మెట్లెక్కుతానని వాడు పుట్టినప్పుడు మా ఇంట్లో మొక్కుకున్నారు, ఎక్కాల్సింది నేను. 3,550 మెట్లు, చివర్లో మోకాళ్ల పర్వతం. నేను బస్సులో కొండకు పోయి తలనీలాలు ఇప్పించి వచ్చాను. నొప్పితో ఉన్న తల్లి బస్సులో వస్తే స్వామి కాదంటాడని నేననుకోను. ఇంటికి వచ్చే ఆడపడుచునో కోడలినో ఈ వేసవిలో మెట్లెక్కమని పట్టుబట్టేవాళ్లు దయచేసి ముందు ఆమెను అడగండి.

చివరికి దారి చూపించింది మా నాన్న. పొద్దున్నే ఇద్దరినీ చెరో వేలు పట్టించుకుని గోవిందరాజస్వామి గుడి కోనేటి వైపు నడిపించుకుని పోవడం మొదలుపెట్టాడు. ఎత్తుకోడు, ఎత్తుకునే వయసు కాదు ఆయనది. వాళ్లు అలిసిపోతే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టి కథ చెబుతాడు. ఆ కాసేపు ఇల్లు నిశ్శబ్దం, చాప నాది. మంచం పక్కన పీట వేశాం, చిన్నోడు తనే ఎక్కి దిగుతాడు. "ఎత్తుకో" అంటే నేను కింద కూర్చుంటా, వాడే వచ్చి ఒళ్లో కూలబడతాడు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. రాత్రి పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నాను, చేతివేళ్ల తిమ్మిరి తగ్గింది.

ఒక్క మాట మాత్రం ఎవరూ వాయిదా వేయకండి. కాళ్లలో బలం తగ్గినా, చేతిలో పట్టు జారిపోతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా వ్యాయామం, నూనె అన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. నరాలు దెబ్బతినకముందే చూడాల్సిన లక్షణాలవి.

మగవాళ్లకు విడిగా చెబుతున్నాను, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్లకు. ఊరి నుంచి అమ్మనో అత్తనో ఆరు నెలలకు పిలిపించి పిల్లల్ని వాళ్ల చంకనెక్కించడం పరిష్కారం కాదు, ఒక నడుము నుంచి ఇంకో నడుముకు మార్చడమే అవుతుంది. ఆఫీసు పని మొదలయ్యే ముందు అరగంట మీరు పిల్లల్ని తీసుకుని బయటకు వెళ్లండి. ఆమె అడిగేదాకా ఆగకండి, ఆ టైములో ఫోన్ చేసి పాలసీసా ఎక్కడుందని అడగకండి. సంఘం తరఫున వారాంతాల్లో పిల్లలకు తెలుగు క్లాసు జరిగే చోటే పక్క గదిలో నొప్పులున్న తల్లులకు నాలుగు చాపలు పరిచి, మనలో ఉన్న ఫిజియోథెరపిస్టును ఒకరిని రమ్మంటే ఖర్చు పెద్దగా ఉండదు. దాని ఏర్పాట్లు నేను చూస్తాను, పిల్లల్ని చూసుకోవడానికి నలుగురు నాన్నలు పేర్లిస్తే చాలు.