ర్యాంకు అడిగితే తప్పేంటి?

2023 జులైలో ఐఐటీ బాంబే తన విద్యార్థులకు కొన్ని సూచనలు ఇచ్చింది. తోటి విద్యార్థిని జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఎంత, గేట్ (ఎంటెక్ ప్రవేశపరీక్ష) స్కోరు ఎంత, ఏ కేటగిరీలో సీటు వచ్చింది అని అడగొద్దన్నది వాటిలో ఒకటి. అదే ఏడాది ఫిబ్రవరిలో అక్కడ మొదటి సంవత్సరం చదువుతున్న దళిత విద్యార్థి ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. ఇంకో ఐఐటీలో పీహెచ్‌డీ చేస్తూ కొత్త బ్యాచ్‌కి మెంటరుగా ఉన్న ఒకమ్మాయి అలాంటి సూచనతో ఒక పోస్టరు తయారుచేస్తోంది. ఆమె మావయ్య ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను అమ్మాయి పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అలాగని మావయ్య నోరు నొక్కలేదు.

మావయ్య: ర్యాంకు అడగొద్దని పోస్టరా? రేపు పేరు కూడా అడగొద్దంటారేమో.

మేనకోడలు: పేరు సంగతి సరే, ఇంటిపేరు చెప్పడానికి వెనకాడేవాళ్ళు మా హాస్టల్లో ఇప్పటికే ఉన్నారు మావయ్యా.

మావయ్య: నేనేమన్నా "మీరేవిట్లు" అని అడుగుతున్నానా? ర్యాంకు అడుగుతున్నా. కులం పుట్టుకతో వచ్చింది, ర్యాంకు రాత్రుళ్ళు మేలుకుంటే వచ్చింది. రెండింటికీ ముడెందుకు పెడతావు?

మేనకోడలు: ముడి పెట్టింది నేను కాదు. అడ్వాన్స్‌డ్‌లో అందరికీ కలిపి ఒక లిస్టు ఉంటుంది, సీఆర్ఎల్ అంటాం. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు, రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకు, అంటే ఈడబ్ల్యూఎస్‌కు, వేరే లిస్టులు. ఎస్సీ, ఎస్టీలకు కట్-ఆఫ్ సీఆర్ఎల్ కట్-ఆఫ్‌లో సగం. ఆ కట్-ఆఫ్ దాటి సీటు తెచ్చుకున్నా, సీఆర్ఎల్ కట్-ఆఫ్ దాటకపోతే ఆ పిల్లాడికి సీఆర్ఎల్ ర్యాంకే ఉండదు. ఇప్పుడు మెస్ లైన్లో ఒకడు "సీఆర్ఎల్ ఎంత బ్రో" అంటాడు. "నాకు లేదు" అని చెబితే కోటా అని తెలిసిపోయింది. కంప్యూటర్ సైన్స్‌లో ఉండి ఎనిమిది వేలంటే అప్పుడూ తెలిసిపోయింది. "మీరేవిట్లు" అని అడగడానికి మొహమాటపడే కుర్రాడికి ఈ ఒక్క ప్రశ్నతో పని అయిపోతుంది. చాలామంది ఆ ఉద్దేశంతో అడగరు, ఒప్పుకుంటాను. కానీ జవాబు చెప్పాల్సినవాడికి ఆ టెన్షన్ తప్పదు, అదీ మొదటి వారంలో రోజుకి పదిమందికి చెప్పాలి. తర్వాత ప్రాజెక్టు గ్రూపులు కట్టేటప్పుడు ఎవరు మిగిలిపోతారో వచ్చి చూడండి.

మావయ్య: గ్రూపులోకి బాగా చదివేవాణ్ణి వెతుక్కోవడం కూడా నేరమేనా?

మేనకోడలు: అప్పటికి ఒక్క క్విజ్ కూడా జరగలేదు. ఎవడు బాగా చదువుతాడో ఎలా తెలిసింది?

మావయ్య: సగం కట్-ఆఫ్ అని నువ్వే అన్నావుగా. అది మనసులో ఉంటుంది మరి.

మేనకోడలు: అయితే ఈడబ్ల్యూఎస్ సంగతి చెప్పండి. 2019లో వచ్చింది, మన చుట్టాల పిల్లలూ అందులో సీట్లు తెచ్చుకున్నారు. ఆ ర్యాంకు చెప్పి తల దించుకున్నవాణ్ణి నేను చూడలేదు. "పాపం, డబ్బుల్లేవు" అంటారు, అంతే.

మావయ్య: వాళ్ళకి కట్-ఆఫ్ సగం కాదు. సీఆర్ఎల్‌లో తొంభై శాతం.

మేనకోడలు: ఓబీసీలకీ తొంభై శాతమే. మరి వాళ్ళని "కోటా" అని ఎందుకంటారు?

(ఇక్కడ మావయ్య కాఫీ అడిగారు. లెక్కల మాస్టారు ఈ లెక్కకి జవాబు చెప్పకపోవడం నాకు కొంచెం సంతోషమే. అయితే కాఫీ వచ్చాక ఆయన అడిగింది మామూలు ప్రశ్న కాదు.)

మావయ్య: సరే, నీ పోస్టరు అంటించావు. ఓపెన్‌లో వచ్చినవాడు ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాడు. నోరు విప్పనివాడు ఒక్కడే మిగులుతాడు. అప్పుడు నీ పోస్టరు వాణ్ణి దాచిందా, వేలు పెట్టి చూపించిందా?

మేనకోడలు: చూపించే ప్రమాదం ఉంది. అందుకే చెప్పుకోవద్దని కూడా చెబుతున్నాం.

మావయ్య: చెప్పుకోవద్దా! వాడి అమ్మానాన్నా అప్పుచేసి చదివించింది దేనికి?

మేనకోడలు: మీ కాలేజీలు టీవీలో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని అరిచి అరిచి పిల్లాడికి ర్యాంకు తప్ప ఇంకేం మిగల్చలేదు. మార్కుల్ని బట్టి సెక్షన్లు, ప్రతివారం పరీక్ష, మళ్ళీ సెక్షన్ మార్పు.

మావయ్య: మా సెక్షన్ల జోలికి రాకు.

మేనకోడలు: ఎందుకు రాకూడదు? అక్కడ నేర్చుకున్న అలవాటేగా మా మెస్ లైన్లోకి వచ్చింది.

మావయ్య: నేను చివరి సెక్షన్‌కి చెప్పినవాణ్ణమ్మా. మంచి సెక్షన్లు వేరేవాళ్ళకిచ్చేవారు. లెక్కలు రాని పిల్లాడు నాకు తగల్లేదు, ఎవరూ సరిగ్గా చెప్పని పిల్లలు తగిలారు.

మేనకోడలు: నేనూ అదే అంటున్నాను కదా!

మావయ్య: కాదు. నేననేది, వాడికి కావలసింది పోస్టరు కాదు, పాఠం. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడికి ఇంగ్లీషులో గంటసేపు లెక్చరు ఇచ్చి పంపిస్తారు. వాడికి ఏం అర్థమైందో ఎవడు చూశాడు? ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చిన ఉత్తరప్రదేశ్ దళిత కుర్రాడు 17,500 రూపాయలు వేళకి కట్టలేకపోయాడు. 2024లో సుప్రీంకోర్టు చెబితే గానీ సీటు దక్కలేదు. వాణ్ణి ఎవడూ ర్యాంకు అడిగి ఆపలేదు, డబ్బు ఆపింది. బాంబేలో ఆ ఆత్మహత్య మీద వేసిన కమిటీ కూడా కులవివక్షకు నేరుగా ఆధారం లేదనీ, చదువులో వెనకబడటం కారణం కావచ్చనీ అంది. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2012లోనే వాటిల్లో వివక్ష ఉండకూడదని నిబంధనలు పెట్టింది. నాలుగేళ్ళకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కాగితం దేన్ని ఆపింది? ఇంకో కాగితం గోడకి అంటించి మీ పెద్దలు చేతులు దులుపుకుంటారు. ట్యూటర్ని పెట్టాలంటే జీతమివ్వాలి. పోస్టరుకేం, పదిరూపాయల జిగురు చాలు.

మేనకోడలు: జిగురు మాట నిజమే. మా దగ్గర ట్యూటర్లు కావాలని అడిగితే, వచ్చే సెమిస్టర్ చూద్దామన్నారు. కానీ చదువులో వెనకబడటం ఒకటి, వివక్ష ఇంకొకటి అని కమిటీ అన్నా మీరన్నా నేను ఒప్పుకోను. నాకు ఫస్టియర్‌లో ఒక కోర్సు పోయింది. "సరిగ్గా ప్రిపేర్ కాలేదు" అన్నారు. పక్క గదిలో అమ్మాయికి అదే కోర్సు పోయింది. "సీటు ఎలా వచ్చిందో తెలుసుగా" అన్నారు. ఇద్దరివీ ఇంచుమించు అవే మార్కులు. నేను మర్నాడే సార్ దగ్గరికెళ్ళి డౌటు అడిగాను. ఆ అమ్మాయి వెళ్ళలేదు. తను డౌటు అడిగితే అది తన ఒక్కదాని డౌటుగా చూడరని ఆమెకి తెలుసు. ఇప్పుడు మీ ట్యూటర్ని పెడదాం, మంచి జీతమే ఇద్దాం. ఆ క్లాసుకి వెళ్ళడమే "నేను కోటా" అని చెప్పుకోవడం అయితే ఎవరు వెళతారు? మీ చివరి సెక్షన్ పిల్లలు మీ దగ్గర నోరు విప్పారంటే అక్కడ అందరిదీ ఒకటే పరిస్థితి కాబట్టి. ఇక కాగితం సంగతి. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997లో చట్టం వచ్చింది. ర్యాగింగ్ పోలేదు. కానీ మీ రోజుల్లో "సరదాకి" అని లెక్చరర్లే అనేవారట కదా, ఇప్పుడు ఏ లెక్చరరూ పైకి అనలేడు. నా పోస్టరు నుంచి నేను అంతకంటే ఆశించడం లేదు.

మావయ్య: అంతే అయితే అంత పెద్ద అక్షరాలెందుకు?

మేనకోడలు: కళ్ళజోడు లేకుండా మీలాంటివాళ్ళు కూడా చదవాలని.

మావయ్య: (నవ్వి) క్లాసులు ఎప్పుడు మొదలు?

మేనకోడలు: ఆగస్టులో. ఎందుకు?

మావయ్య: పోస్టరు మీద నా మాట మారలేదు. కానీ తెలుగు మీడియం పిల్లలుంటే ఆదివారాలు జూమ్‌లో క్యాలిక్యులస్ చెబుతాను. పేర్లు పంపు.

మేనకోడలు: తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఏ మీడియం అని అడగను, రావాలనుకున్నవాళ్ళు వస్తారు. లిస్టు మాత్రం పంపను.

మావయ్య: ఎవడికి ఎక్కడ తెలీదో తెలియకుండా ఎలా చెప్పను?

మేనకోడలు: చిన్న పరీక్ష పెట్టండి. ఎవరి మార్కులు వాళ్ళకే చెప్పండి.

మావయ్య: ముప్పై ఏళ్ళు గోడకి అంటించినవాణ్ణి. అలవాటు లేదు. చూస్తాను.