నాలుగు గుళ్లు తప్పినా బంగారమేనట, మరి తుపాకి ఎందుకట!

వింటర్ ఒలింపిక్స్ ఊసెత్తితే చాలు, బయాథ్లాన్ గురించి ఒక మాట మళ్లీ మళ్లీ షేర్ అవుతుంది. బయాథ్లాన్ అంటే మంచు మీద స్కీలతో దూసుకుపోతూ, మధ్యమధ్యలో ఆగి రైఫిల్‌తో టార్గెట్ కొట్టే ఆట. అందులో అందరూ ఒక్కసారే బయల్దేరే రేసే మాస్ స్టార్ట్. దాని సారాంశం ఇది: "బయాథ్లాన్ మాస్ స్టార్ట్ ఉత్త స్కీయింగ్ పందెం. తుపాకి వీపుకి అలంకారం. 2022 బీజింగ్‌లో నార్వే ఆటగాడు యోహనెస్ థింగ్‌నెస్ బో నాలుగు గుళ్లు తప్పి కూడా బంగారం కొట్టాడు. తప్పినందుకు వేసే పెనాల్టీ నామమాత్రం. ముందు వరసలో నిలబడ్డవాడిదే గెలుపు. ఇద్దరూ కలిసి గీత దాటితే ఇక కెమెరా లాటరీయే."

వినడానికి బాగానే ఉంది. ఒక్కోటీ విప్పి చూస్తే మాత్రం నిలబడదు.

నాలుగు గుళ్లు తప్పిన మాట నిజం. రెండో స్థానంలో వచ్చిన స్వీడన్ ఆటగాడు మార్టిన్ పోన్సిలువోమా కంటే 40 సెకన్లు ముందుగా గెలిచిన మాటా నిజం. అయితే ఆ రోజు గురి తప్పించిన గాలి బో ఒక్కడి మీదే వీచలేదు, మిగతావాళ్ల మీదా వీచింది. అయినా ఒక్క రేసు చూసి ఆట మొత్తానికి తీర్పు చెప్పేస్తే ఎలా? ఇదే మనిషి మిగతా ఛాంపియన్‌షిప్పుల్లో ఏం చేశాడో చూడాలి కదా.

2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్, స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్. ఆ సీజన్‌లో బో ఏకంగా 16 వరల్డ్ కప్ రేసులు గెలిచాడు. అంతవరకూ ఒక సీజన్‌లో ఎవరూ అన్ని గెలవలేదు. స్కీల మీద అతన్ని పట్టుకునేవాడే లేడు. మాస్ స్టార్ట్‌లో కూడా ఆఖరి షూటింగ్‌కి అందరికంటే ముందు వచ్చింది అతనే. నిలబడి ఐదు గుళ్లు కాల్చాలి, అంతే మిగిలింది. గాలి, మంచు. గుళ్లు వరసగా తప్పాయి. బో పెనాల్టీ లూప్‌లో (గుండు తప్పితే అదనంగా తిరగాల్సిన చిన్న చుట్టు) తిరుగుతుండగానే బంగారం ఇటలీకి చెందిన డొమినిక్ విండిష్ చేతికి వెళ్లిపోయింది. బోకి కాంస్యం కూడా దక్కలేదు. తుపాకి అలంకారమే అయితే ఆ రోజు అతను ఓడిపోవడానికి ఇంకో కారణం చూపించండి.

మరుసటి ఏడాది ఇటలీలోని ఆంథోల్జ్‌లో జరిగిన మాస్ స్టార్ట్‌లో అదే బో ఇరవై గుళ్లకి ఇరవై కొట్టి బంగారం తీసుకున్నాడు. 2023లో జర్మనీలోని ఓబర్‌హోఫ్‌లో ఐదు బంగారాలు మూటగట్టుకుని మాస్ స్టార్ట్‌కి వచ్చాడు. తీరా గురి తప్పడంతో సెబాస్టియన్ శామ్యూల్‌సన్, పోన్సిలువోమా ముందుకెళ్లారు, ఇతనికి కాంస్యం మిగిలింది. కాళ్లు అవే, స్కీలు అవే. మారిందల్లా షూటింగ్ రేంజ్‌లో జరిగిన సంగతే.

ఇంతకీ ఆ రేంజ్‌లో ఏం జరుగుతుందో ఈ మాట షేర్ చేసేవాళ్లు ఒకసారి నిదానంగా చూస్తే బాగుండు. మగవాళ్ల మాస్ స్టార్ట్ 15 కిలోమీటర్లు, మూడేసి కిలోమీటర్ల ఐదు ల్యాపులు. మధ్యలో నాలుగుసార్లు షూటింగ్: మొదటి రెండు పడుకుని, తర్వాతి రెండు నిలబడి. ప్రతిసారీ ఐదు గుళ్లు. రిలేలో అయితే మూడు అదనపు గుళ్లు ఉంటాయి, ఇక్కడ అవీ లేవు. టార్గెట్ 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పడుకుని కాల్చేటప్పుడు దాని వ్యాసం 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115. రైఫిల్‌కి టెలిస్కోప్ ఉండదు. కనీసం మూడున్నర కిలోల ఆ బరువుని మొదటినుంచీ వీపున మోస్తూనే ఉండాలి. రొప్పుకుంటూ వచ్చి, చేతికర్రలు పక్కన పడేసి, రైఫిల్ దించి, సైటు (గురి చూసే భాగం) మీది మూత తెరిచి, గాలి తెలిపే జెండా ఎటు ఊగుతోందో ఓరకంట చూసి, గాలికి తగ్గట్టు సైటుని రెండు మూడు క్లిక్కులు తిప్పి, ఊపిరి బిగపట్టి ట్రిగ్గర్ నొక్కాలి. గుండె దడదడ కొట్టుకుంటూ ఉంటే రైఫిల్ మొన దానితోపాటే ఊగుతుంది. పక్క లేన్‌లో ఇంకొకడు టపటపా ఐదూ కొట్టేసి లేచిపోతుంటాడు. ఆ శబ్దానికే సగంమంది తొందరపడతారు.

ఇక లూప్ సంగతి. తప్పిన ప్రతి గుండుకీ 150 మీటర్లు అదనంగా తిరగాలి. అగ్రశ్రేణి ఆటగాడికి కూడా దానికి ఇరవై సెకన్లు దాటుతుంది. నాలుగు తప్పిన బో బీజింగ్‌లో 600 మీటర్లు ఎక్కువ తిరిగాడు, ఒకటిన్నర నిమిషం దాకా పోగొట్టుకున్నాడు. పతకాలు ఒకటి రెండు సెకన్ల తేడాతో చేతులు మారే ఆటలో దాన్ని నామమాత్రం అనడానికి నోరెలా వస్తుందో!

ముందు వరస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 30 మంది ఒక్కసారే బయల్దేరుతారు, ర్యాంకుని బట్టి వరసలు. మొదటి షూటింగ్‌కి ఎవరి నంబరు లేన్‌లో వాళ్లే, ఆ తర్వాత వచ్చిన క్రమంలో లేన్లు. ముందుంటే తోపులాట తప్పుతుంది, నిజమే. కానీ ముందు పోయేవాడే గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకవాళ్లు అతని నీడన హాయిగా వస్తారు.

ఫోటో ఫినిష్ లాటరీ అనేది అన్నిటికంటే తేలిక మాట. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో ఫ్రాన్స్ ఆటగాడు మార్టిన్ ఫుర్కాడ్, జర్మనీకి చెందిన సిమోన్ షెంప్ ఒకే టైముతో గీత దాటారు. ఓడిపోయాననుకుని ఫుర్కాడ్ కోపంగా చేతికర్ర నేలకేసి కొట్టాడు కూడా. ఫోటోలో చూస్తే 14 సెంటీమీటర్లు ముందున్నది అతనే. చూసేది స్కీ మొన కాదు, ముందుకి చాచిన కాలి బూటు మొన. అది ఎవరిది ముందు దాటితే వాడు గెలిచినట్టు. ఇందులో చీటీ తీసేదేముంది? నాలుగేళ్ల ముందు సోచిలో ఇదే రేసులో ఇదే ఫుర్కాడ్ నార్వే ఆటగాడు ఎమిల్ హెగ్లె స్వెండ్‌సెన్ చేతిలో ఫోటో ఫినిష్‌లోనే ఓడిపోయాడు.

ఆ మాటలో గింజంత నిజం ఉంది, దాన్ని కాదనను. మాస్ స్టార్ట్ పెనాల్టీ మిగతా కొన్ని రేసుల కంటే తేలికే. ఒలింపిక్స్‌లో మగవాళ్ల 20 కిలోమీటర్ల ఇండివిడ్యువల్ రేసులో లూప్ ఉండదు, తప్పిన ప్రతి గుండుకీ మొత్తం టైముకి నేరుగా ఒక నిమిషం కలిపేస్తారు. గురికే పెద్దపీట వేసే పోటీ కావాలంటే అది చూడొచ్చు. బీజింగ్‌లో ఆ రేసు ఫ్రాన్స్‌కి చెందిన క్వెంతాఁ ఫియోఁ మాయే గెలిచాడు. బో కాంస్యంతో సరిపెట్టుకున్నాడు.